హైదరాబాదు పోలీసు జట్టు: గెలుపు ఎవరిది?

పల్నాటి వీరకథలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన ఘట్టం కోడిపోరు. పన్నెండో శతాబ్దంలో జరిగిందని చెప్పే ఆ పందెంలో నాయకురాలు నాగమ్మ పక్షం గెలిచింది. బ్రహ్మనాయుడి పక్షం ఓడింది. ఓడినవారు ఏడేళ్ళపాటు రాజ్యం విడిచిపోవాలన్నది షరతు. పందెం కాసినవారు పాలకులు. కాని వలసపోయినవాళ్ళలోనూ, ఆ తరువాత కారెంపూడి రణరంగంలో చచ్చినవాళ్ళలోనూ అత్యధికులు ఆ పందెం కాయనివాళ్ళే. యీనాటికీ ఏటా కార్తీకంలో కారెంపూడిలో వీరుల వుత్సవాలు జరిగేటప్పుడు ఒక రోజును కోడిపోరుకే కేటాయిస్తారు. మన తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పందేలు చూడండి: బండ లాగేది ఎద్దులు, వాటిని మేపి సాకేది పాలేరు, మైకులో మారుమోగేది మాత్రం యజమాని పేరు.

ఆటకూ ఆస్తికీ, గెలుపుకూ శ్రమకూ వున్న యీ సంబంధాన్ని మన అభ్యుదయ విమర్శ అంతగా పట్టించుకోలేదు. బుర్రకథనీ, వీధి భాగవతాన్నీ ప్రజాకళలుగా గుర్తించి వాటి వెనుక వున్న వర్గ సంబంధాలను విశ్లేషించాం. మైదానంలో ఆడే మనిషిని మాత్రం దినపత్రిక చివరి పేజీకి వదిలేశాం. వదిలేసిన చోట ఎంత చరిత్ర పడివుందో తెలియడానికి ఒక్క వుదాహరణ చాలు: హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు, ముఖ్యంగా దాని 1950 నాటి సీజను.

ఆ ఏడాది హైదరాబాదు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పునూ, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పునూ రెంటినీ గెలిచింది. డ్యూరాండ్ ఫైనలులో ఓడినది కలకత్తాకు చెందిన మోహన్ బగాన్. యీ రెండు కప్పులూ తెల్లదొరలు తమ పటాలాల వినోదం కోసం పెట్టుకున్నవి. డ్యూరాండ్ 1888లో సిమ్లాలో మొదలైంది. దాని స్థాపకుడు మార్టిమర్ డ్యూరాండ్ బ్రిటిష్ యిండియా విదేశాంగ కార్యదర్శి. రోవర్స్ 1891లో పుట్టింది. రోవర్స్ ఒక భారతీయ జట్టుకు దక్కడానికి 1937 దాకా పట్టింది; గెలిచింది బెంగుళూరు ముస్లిమ్స్. డ్యూరాండ్‌ను మొదట గెలిచిన భారతీయ జట్టు మహమ్మడన్ స్పోర్టింగ్. ఆ సంవత్సరం 1940. దేశ విభజన తరువాత డ్యూరాండ్ పోటీ మళ్ళీ జరిగింది 1950లోనే. ఆ కప్పు హైదరాబాదుకు వచ్చింది. రోవర్స్‌నైతే 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు హైదరాబాదు పోలీసు జట్టు వదలలేదు. రెండు కప్పులనూ ఒకే ఏడు గెలవడం 1954లోనూ, 1957లోనూ మళ్ళీ సాధించింది.

యిది ఆటల చరిత్ర. దీని పక్కనే నడిచిన మరో చరిత్ర వుంది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనిక చర్యను ప్రభుత్వం "పోలీసు చర్య" అని పిలిచింది. నిజాం పాలన కూలింది. కాని తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. అంటే హైదరాబాదు పోలీసు జట్టు రోవర్స్ గెలిచిన మొదటి రెండేళ్ళలో నల్లగొండ, వరంగల్లు పల్లెలు నిర్బంధంలో వున్నాయి. కృష్ణకు యివతల మన గుంటూరు జిల్లాలోనూ, కృష్ణా జిల్లాలోనూ మలబారు పోలీసు దళాలు పల్లెల మీద పడ్డాయి. పల్నాడుకు "పోలీసు" అనే మాట అంతకుముందే బాగా తెలుసు. పుల్లరి సత్యాగ్రహం నడిపిన కన్నెగంటి హనుమంతు 1922లో కాల్పులకు బలైన నేల యిది. అలాంటి నేల మీద నిలబడి, చొక్కా మీద పోలీసు పేరు రాసుకున్న జట్టు గెలుపును మన గెలుపుగా చెప్పుకోవచ్చునా? యీ ప్రశ్న తేలికైనది కాదు. దీనికి రెండు తప్పుడు జవాబులు సిద్ధంగా వున్నాయి.

మొదటిది తొందరపాటు జవాబు: ఆటలు పాలకవర్గం ప్రజలకు వేసే మత్తు, పోలీసు జట్టు ఆ మత్తుకు తుపాకి తోడు చేసుకున్నది, కాబట్టి మనకు దానితో పని లేదు. రెండోది పొంగిపోయే జవాబు: కప్పు వచ్చింది, తెలుగుదేశం పేరు నిలబడింది, తక్కిన సంగతులు ఎందుకు? మొదటి జవాబులో ఆడిన మనిషి లేడు. రెండో జవాబులోనూ ఆడిన మనిషి లేడు. రెండూ చొక్కా మీది పేరుతోనే ఆగిపోయాయి.

ఆడిన మనుషులు ఎవరు? నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, లాయిక్, జమాల్, నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్. ఎక్కువమంది హైదరాబాదు ముస్లిం కుటుంబాలనుంచి వచ్చినవాళ్ళు. 1948 తరువాత ఆ సమాజం ఏ స్థితిలో వున్నదో మరవకూడదు. ఆనాటి మారణకాండను విచారించిన పండిత సుందర్‌లాల్ సంఘం 27 వేలనుంచి 40 వేల మంది దాకా చనిపోయివుంటారని అంచనా వేసింది. ఆ నివేదిక అరవై ఏళ్ళకు పైగా ప్రజల కంట పడలేదు. నిజాం కొలువుల మీద ఆధారపడిన వేలాది కుటుంబాలకు ఆ కొలువులు పోయాయి. అటువంటి కాలంలో, తమ జాతీయతనే శంకించే దేశంలో, యీ యువకులు బొంబాయికీ ఢిల్లీకీ వెళ్ళి పదకొండుమందిగా నిలబడి ఆడారు. గెలిచారు. వాళ్ళకు పోలీసు చొక్కా అధికార చిహ్నం కావడానికి ముందు నెల జీతం. ఆ జీతం ఫుట్‌బాల్ వల్ల నిలిచింది.

యిక వాళ్ళను జట్టుగా మలచిన మనిషి పోలీసు అధికారి కాడు, బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టాడు. వుస్మానియా విశ్వవిద్యాలయంలో చదివాడు, నగరంలోని పాఠశాలల్లో వుపాధ్యాయుడుగా పనిచేశాడు. 1940ల ప్రారంభంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. పోలీసు జట్టుకూ, తరువాత భారత జట్టుకూ శిక్షణ యిచ్చి, 1963లో చనిపోయేదాకా ఆ పనిలోనే వున్నాడు.

రహీం పద్ధతిని ఒక వుపాధ్యాయుని కళ్ళతో చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఆయన స్థానికంగా కొన్ని విచిత్రమైన పోటీలు నడిపాడు. ఒకదానిలో బంతిని కాలిదగ్గరే పెట్టుకుని ఒక్కడే పరుగెత్తడం నిషేధం. అందుకోగానే మరొకడికి అందించాలి. యింకొకదానిలో ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే ఆడాలి. మొదటిది, తోటివాడు ఎక్కడున్నాడో చూడడం నేర్పింది. రెండోది, చేతకాని అవయవాన్ని పనిలోకి తెచ్చింది. ఆ రోజుల్లో మన ప్రేక్షకులకు ఒంటి ఆటగాడి గారడీ అంటే మోజు. రహీం ఆ మోజును కాదని, బంతి మనిషికన్నా వేగంగా కదలాలనే సూత్రం మీద జట్టును నిర్మించాడు. ఎవడి ప్రతిభనూ అణచలేదు. దానికి పొందిక కల్పించాడు. సమష్టి అంటే వ్యక్తిని మింగేయడం అని వాదించేవారికి యీ జట్టు మంచి సమాధానం.

యీ పాఠం దేశానికి ఎంత అవసరమో 1952లో హెల్సింకిలో బయటపడింది. ఆ ఒలింపిక్స్‌లో భారత జట్టులో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 1–10 గోళ్ళతో ఓడారు. రహీం ఆ ఓటమిని విధిరాతగా తీసుకోలేదు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. మరుసటేడు వెంబ్లీలో ఇంగ్లండును 6–3తో ఓడించి ప్రపంచాన్ని విస్మయపరచిన హంగేరీ ఆటతీరును, అంటే ముందు నిలవవలసిన ఆటగాడు వెనక్కి జరిగి ఆట నడిపే పద్ధతిని, ఆయన శ్రద్ధగా అధ్యయనం చేశాడు. 1956లో మెల్బోర్న్‌లో, మొదటి ప్రత్యర్థి హంగేరీ పోటీనుంచి తప్పుకున్నాక, భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. ఆ రోజు మూడు గోళ్ళు చేసిన నెవిల్ డిసౌజా బొంబాయి ఆటగాడు. జట్టులో మాత్రం హైదరాబాదువాళ్ళు అనేకులు. సెమీఫైనలులో యుగోస్లావియాతో 1–4. తొమ్మిది గోళ్ళ తేడా నాలుగేళ్ళలో మూడుకు తగ్గింది! చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకుమించి ఎన్నడూ పోలేదు.

పోలీసులు జట్టు పోషించడం మన దేశపు వింత కాదు. మాస్కో డైనమో 1923లో సోవియట్ భద్రతా విభాగం అండన పుట్టింది. హంగేరీలో పుష్కాష్ ఆడిన హోన్వేద్ సైన్యపు జట్టు. ఒలింపిక్స్‌లో ఆడేవాడు ఆటకు డబ్బు తీసుకోరాదని ఆనాటి నియమం. యీ నియమం చేసింది కూలి చేయనవసరం లేని కులీనులు. పేదవాడు ఆడాలంటే అతనికి ఏదో ఒక వుద్యోగం పేరున అన్నం పెట్టాలి. హైదరాబాదులో ఆ పేరు కానిస్టేబులు. దీనివల్ల ఆటగాడికి తిండి దొరికింది, సాధనకు వ్యవధి దొరికింది. కాని అతని అసలు శ్రమకు, అంటే ఆటకు, శ్రమ అనే గుర్తింపు దొరకలేదు. కాలు విరిగితే, ఒళ్ళు చెడితే, ఆటగాడుగా అతనికి హక్కంటూ లేదు.

సికింద్రాబాదు శివారు అమ్ముగూడలో నిరుపేద యింట పుట్టిన తులసీదాస్ బలరాం సంగతి చూడండి. రహీం గుర్తించి తీర్చిదిద్దిన ఆటగాడు. 1956లో మెల్బోర్న్, 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్, 1960లో రోమ్, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం. 1963లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండానే, అనారోగ్యంవల్ల ఆట మానవలసివచ్చింది. 2023లో కలకత్తాలోనే కన్నుమూశాడు. సొంత వూరు ఆయనను నిలుపుకోలేకపోయింది.

కాగా, మరో పక్కను దాచి మాట్లాడడం చరిత్ర కాదు. 1952 సెప్టెంబరు 3, 4 తేదీలలో ముల్కీ ఆందోళన సందర్భంగా హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే ఏడు అదే నగరపు పోలీసు పేరున రోవర్స్ కప్పు మూడోసారి వచ్చింది. కప్పు కాల్పులను కడిగివేయదు. కాల్పులు నూర్ మహమ్మద్ పాదాల నైపుణ్యాన్ని తుడిచివేయవు. సంస్థను దాని పనినిబట్టి విమర్శించాలి, మనిషిని అతని శ్రమనుబట్టి గౌరవించాలి. పాలకుడి ఖర్చుతో కట్టిన గుడిలో శిల్పి వుళిని మనం గుర్తించడం లేదా? యిదీ అంతే.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1956–57, 1957–58 సంతోష్ ట్రోఫీలను రాష్ట్ర జట్టు యింకా హైదరాబాదు పేరుతోనే గెలిచింది. తరువాత పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది. 1961లో డ్యూరాండ్ నాలుగోసారి తెచ్చింది. 1963 జూన్ 11న రహీం కాన్సరుతో మరణించాడు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవడం ఆ దీపానికి చివరి వెలుగు. దీన్ని ఒక మనిషి మరణంతో సరిపెట్టడం సులభం. అసలు లోపం నిర్మాణంలో వుంది. ఒక బడిపంతులు తన శ్రమతో నడిపిన బాలల పోటీలు, చిన్న క్లబ్బులు, పేటల మైదానాలు, వీటిని ఏ ప్రభుత్వమూ వ్యవస్థగా మార్చలేదు. రాష్ట్రం కృష్ణకు రెండు గట్లా విస్తరించింది. ఫుట్‌బాల్ మాత్రం జంటనగరాలలోనే వుండిపోయింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి మాచర్ల దాకా కాలవ నీళ్ళు వచ్చాయి, రహీం పాఠం రాలేదు.

యీనాడు జట్టుకు పోలీసు యజమాని కాడు, పెట్టుబడి యజమాని. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే కంపెనీ జట్టు పుట్టింది. 2022 మార్చిలో యిండియన్ సూపర్ లీగ్ గెలిచింది. నగరం ఎంతో మురిసింది. 2025లో యాజమాన్యం ఆ జట్టును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. మురిసిన జనాన్ని ఎవరూ అడగలేదు. అమెరికాలో యిది పాత కథే. అక్కడి వృత్తి ఫుట్‌బాల్‌లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టును దాని యజమాని 1984 మార్చిలో ఒక రాత్రికి రాత్రి లారీలకెత్తించి ఇండియానాపోలిస్ చేర్చాడు. అదే లీగులో గ్రీన్ బే అనే చిన్న పట్టణపు పాకర్స్ జట్టు 1919లో ఒక మాంసం కంపెనీ యిచ్చిన డబ్బుతో మొదలై, 1923లో వూరివాళ్ళ వాటాలతో లాభాపేక్షలేని సంస్థగా మారింది. దాన్ని ఎవరూ లారీకెత్తలేకపోయారు. పెట్టుబడికి కంచుకోట వంటి దేశంలోనే సమష్టి యాజమాన్యం వందేళ్ళు నిలిచింది. అయితే ఆ లీగు నియమాలు యింకే జట్టునూ ఆ తీరున నడవనివ్వవు. ఆ వుదాహరణ పాకడం యజమానులకు యిష్టం లేదు.

2024లో రహీం జీవితం మీద "మైదాన్" అనే హిందీ చిత్రం వచ్చింది. మరచినవాణ్ణి తలచుకోవడం మంచిదే. కాని తెర మీద అతడు ఒంటరి వీరుడయ్యే ప్రమాదం వుంది. అది అతడు జీవితమంతా నేర్పిన పాఠానికే విరుద్ధం. రహీంకు స్మారకం పెట్టదలిస్తే అది విగ్రహం కానక్కరలేదు. నరసరావుపేటలోనో, గురజాలలోనో ఒక ప్రభుత్వ పాఠశాల ఆటస్థలం ఆక్రమణకు గురికాకుండా నిలిస్తే చాలు. అందులో ఒక వ్యాయామ వుపాధ్యాయుని ఖాళీ భర్తీ అయితే చాలు. అక్కడ ఆడే పిల్లలు బంతి అందగానే తలెత్తి పక్కవాడి కోసం చూడడం నేర్చుకుంటారు. విద్యార్థి సంఘాలూ, వుపాధ్యాయ సంఘాలూ తమ కోర్కెల పత్రాలలో యీ రెండు కోర్కెలను చేర్చాలి. 1950 నాటి కప్పులో మన వాటాను అడిగే సరైన మార్గం అదే.