నోరున్న పడవ

మొకెన్ల పడవకు ముందు కొసన ఒక గాటు ఉంటుంది, వెనక కొసన ఇంకొకటి. తొలిసారి చూసినవాళ్లు దుంగ తొలిచేటప్పుడు గొడ్డలి జారిందేమో అనుకుంటారు. ముందున్నది పడవకు నోరు. వెనకది తిన్నది బయటికి పోయే దారి. నడుమ ఉన్నది పొట్ట. ఒక్కో భాగానికి చెంప, మెడ, భుజం, పక్కటెముక అని పేర్లున్నాయి. ఆ పడవను కబాంగ్ అంటారు. బర్మా దక్షిణ కొసన అండమాన్ సముద్రంలో 800 దాకా దీవులున్న మెర్గుయ్ ద్వీపసమూహంలోనూ, దానికి దిగువన థాయ్‌లాండ్‌కు చెందిన సురిన్ దీవుల్లోనూ మొకెన్లకు తరతరాల పాటు ఇల్లంటే ఇదే.

గాట్ల వెనక ఒక కథ ఉంది. సిబియన్ అనే రాణిని గామన్ అనే మలయు మనిషి పెళ్లాడాడు. మొకెన్లకు బియ్యం రుచి చూపించింది అతనే. తరవాత అతను రాణి చెల్లెలు కెన్‌తో కలిశాడు. రాణికి ఒళ్లు మండింది. ఇకమీదట మీకు నేల మీద కాపురం లేదు, మీ పడవలకు తినే నోరూ విసర్జించే దారీ ఉంటాయి, లోపల ఏదీ నిలవదు అని శపించింది. కెన్‌ను నీట ముంచమంది. ఆ ‘ముంచిన కెన్’ అన్న మాటే మొకెన్ అయిందని వాళ్లు చెప్పుకుంటారు. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త జాక్ ఇవనాఫ్ ఏళ్ల తరబడి వాళ్ల మధ్య తిరిగి ఈ గాథను రాసిపెట్టాడు. పైకి శాపమే గానీ, ఇందులో ఒక సంసారపు లెక్క కూడా ఉంది. ఇది గాదె లేని ఇల్లు. మనుషులను ఎత్తుకుపోయి బానిసలుగా అమ్మే దొంగ ఓడలు తిరిగిన సముద్రంలో, మూటలు ముల్లెలు లేని పడవే ముందుగా తప్పించుకుంటుంది.

కబాంగ్ అడుగు ఒకే మాను. దాన్ని తొలిచి, సెగ చూపిస్తూ అంచులను మెల్లగా వెడల్పు చేస్తారు. పక్క గోడలకు పూర్వం చెక్క వాడేవాళ్లు కాదు. సలక్కా అనే ముళ్ల తాటిజాతి చెట్టు మట్టలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టేవాళ్లు. ఆ మట్ట బెండులా తేలుతుంది. అయితే కొన్ని నెలలకే పాడవుతుంది, మళ్లీ అడవికి పోయి కొత్తవి కోసుకురావాలి. 20వ శతాబ్దంలో పలకలు దాని చోటుకు వచ్చాయి. కప్పు మొగలి ఆకుల చాప, గాలికి ఎత్తేది కూడా మొగలి ఆకుల చాపే. తెలుగువాళ్లు ఎప్పుడో అర్థం మరిచిపోయి వాడుతున్న తెరచాప అన్న మాటలోని చాప ఇక్కడ అచ్చంగా చాపే. నడుమ పొయ్యి, దాని చుట్టూ పిల్లలు, కుక్క. గాట్లకు మరో పని కూడా ఉంది. మునిగి తేలిన మనిషి మళ్లీ పడవెక్కాలంటే కాలు మోపే మెట్టు అదే.

పెళ్లంటే వేరే పడవ. ఒక్కో కబాంగ్ ఒక్కో కాపురం. అలాంటివి కొన్ని కలిసి, పొటావ్ అనే పెద్ద వెనక, ఒక గుంపుగా కదిలేవి. వీళ్లను ‘సముద్ర జిప్సీలు’ అని రాయడం ఇంగ్లీషు పుస్తకాలకు అలవాటైంది. వాల్టర్ గ్రెయింజ్ వైట్ 1922లో అచ్చు వేసిన పుస్తకానికి పెట్టిన పేరులోనూ అదే మాట. ఆ మాట వినగానే ఎటు గాలి వీస్తే అటు పోయేవాళ్లన్న బొమ్మ కళ్ల ముందుకు వస్తుంది. అసలు బతుకు దానికి పూర్తిగా ఎదురు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలుల్లో సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడే పడవల్లో తిరుగుడు. మే నుంచి నైరుతి గాలి విరుచుకుపడితే, కొండ అడ్డున్న ఏదో ఒక వంపులో ఒడ్డున గుంజల గుడిసెలు వేసుకుని ఆగిపోవడం. ఏ గుంపుకు ఏ దీవి, ఏ నెలలో ఏ తిప్ప, మంచినీళ్ల ఊట ఎక్కడ, అంతా ముందే తెలిసిన దారి. రైతు పంచాంగానికి ఉన్నంత కట్టుబాటు దానికీ ఉండేది.

ఇదే గాలుల పంచాంగం మీద బందరు ఓడలూ నడిచాయి. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నం నుంచి బట్టల మూటలతో బయలుదేరిన ఓడలు బంగాళాఖాతం దాటి మెర్గుయ్‌లో దిగేవి. అప్పుడా రేవు సయాం రాజు కింద ఉండేది. అక్కడి నుంచి సరుకు తెనసెరిమ్ మీదుగా నదినీ కొండదారినీ పట్టుకుని రాజధాని అయుత్థయకు చేరేది. మలక్కా జలసంధి చుట్టూ తిరిగే పని తప్పేది. సయాం ఏనుగులు ఇదే దారిలో కోరమాండల్ తీరానికి వచ్చేవి. శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు 1683లో మెర్గుయ్ రేవుకు షాబందర్, అంటే రేవు అధికారి, అయ్యాడు. సయాం రాజు పేరు చెప్పి గోల్కొండ ఓడల మీద పడి సొంత జేబు నింపుకున్నాడు. 1687లో ఆ ఊళ్లో ఇంగ్లీషువాళ్ల ఊచకోత జరిగేదాకా వ్యవహారం ముదిరింది. ఇన్ని కాగితాల్లో, ఇన్ని ఫిర్యాదుల్లో, రేవు ముందున్న దీవుల మధ్య పడవల్లో కాపురాలుండేవాళ్ల గొడవ ఎవరికీ పట్టలేదు. ఈస్టిండియా కంపెనీ నావికుడు థామస్ ఫారెస్ట్ 1783లో కలకత్తా నుంచి ఆ దీవులకు వెళ్లి వచ్చి పుస్తకం రాశాడు. మరో వందేళ్లకు, 1890లో, జాన్ ఆండర్సన్ వాళ్ల మీదే ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. బర్మావాళ్లు పిలిచే సలోన్ అన్న పేరునే ఆయన సెలుంగ్ అని రాశాడు.

గాదె లేని ఇంటికి బియ్యం ఎక్కడిది? కథలో గామన్ తెచ్చాడు, బతుకులో తౌకే తెచ్చాడు. తౌకే అంటే చీనా దళారి, కొన్నిచోట్ల మలయు. మొకెన్లు సముద్ర దోసకాయలు, ముత్యపు చిప్పలు, రాతిగుహల్లో పిట్టలు లాలాజలంతో కట్టే గూళ్లు తెచ్చి ఇస్తే అతను బియ్యం, బట్ట, ఇనుము ఇచ్చేవాడు. నల్లమందు కూడా ఇచ్చేవాడు. మొకెన్ పిల్లను పెళ్లాడి గుంపుతో చుట్టరికం కలుపుకునేవాడు. అప్పు తీరేది కాదు. దాన్ని దోపిడి అని ఒక్క మాటలో కొట్టేయవచ్చు, కొట్టేయవలసినంత ఉంది కూడా. అయినా దొంగ ఓడలకూ దొరలకూ మధ్య అడ్డుగా నిలబడిందీ ఆ తౌకేనే. చీనా విందుల్లో సముద్ర దోసకాయ పులుసు, పిట్టగూడు సూపు ఉన్నంతకాలం మెర్గుయ్ దీవుల్లో ఒక పడవకు బియ్యం దొరికింది.

దక్షిణాన, మలక్కా జలసంధి దగ్గర, పడవ కాపురాలకు రాజకీయపు బరువు కూడా ఉండేది. అక్కడివాళ్లను ఒరాంగ్ లౌట్ అంటారు, సముద్రపు మనుషులని అర్థం. 1400 ప్రాంతంలో పరమేశ్వరుడు మలక్కాను నిలబెట్టినప్పుడు అతని వెంట ఉన్నది వీళ్లే. ఇసుక తిప్పల మధ్య వ్యాపార ఓడలను రేవుకు తీసుకురావడం, రాజుగారి పడవలకు తెడ్లు వేయడం, రేవుకు రాని ఓడల్ని ‘ఒప్పించడం’ వీళ్ల కొలువు. 1699లో, ఆ మలక్కా వంశానికే చెందిన జొహోర్ సుల్తాన్ మహమూద్ హత్యకు గురయ్యాడు, సంతానం లేదు. 1718లో రాజా కెచిల్ అనేవాడు వచ్చి, ఆ చనిపోయిన సుల్తాన్ కొడుకును నేనే అన్నాడు. ఒరాంగ్ లౌట్‌లో చాలామంది అతని వైపు నిలిచారు, జొహోర్ సింహాసనం అతని చేతికొచ్చింది. ఇల్లు లేనివాళ్లుగా లెక్కలో పడని మనుషులు రాజును మార్చారు!

ఇంకా తూర్పున, సూలూ సముద్రంలో, సామా బజావులది అన్నిటికన్నా పెద్ద కుటుంబం. మాగెల్లన్ ఓడల్లో వచ్చిన పిగాఫెట్టా 1521లోనే మిందనావో పక్కన ఒక దీవివాళ్లు పడవల్లో తప్ప ఇంకెక్కడా కాపురం ఉండరని రాసుకున్నాడు. వీళ్ల పడవ లెపా. కప్పు ఎత్తి పక్కన పెట్టగలిగే ఇల్లు. ప్రతి కుటుంబానికీ పదేపదే వచ్చి లంగరేసే చోటొకటి ఉండేది, చుట్టాల పడవలన్నీ అక్కడే. చనిపోయినవాళ్లను మాత్రం నేలలోనే పాతిపెడతారు. శ్మశానానికి కొన్ని చిన్న దీవులు కేటాయించి ఉండేవి. బతికినన్నాళ్లూ నీటిమీద, పోయాక మట్టిలో.

18వ శతాబ్దం చివర నుంచి కాంటన్‌లో తేయాకు కొనే ఇంగ్లీషు వర్తకులకు సముద్ర దోసకాయలు, ముత్యపు చిప్పల లాంటి, చీనావాళ్లు మెచ్చే సరుకు కావలసివచ్చింది. దాంతో హోలో రేవులోని సూలూ సుల్తానుల కొలువుకు గిరాకీ వచ్చింది. లండన్‌లో టీ కప్పులు పెరిగేకొద్దీ బజావు మునిగేవాళ్లకు, బానిసలుగా ఎత్తుకొచ్చిన వేలమందికి, సముద్రపు అడుగున పని పెరిగింది. ఈ గొలుసును జేమ్స్ వారెన్ అనే చరిత్రకారుడు వివరంగా విప్పాడు.

తరతరాలు మునిగితే ఒంట్లో ఏమవుతుంది? రెండు పరిశోధనలు రెండు వేర్వేరు జవాబులిచ్చాయి. స్వీడన్‌కు చెందిన అన్నా గిస్లెన్ మొకెన్ పిల్లల చూపు పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించింది. నీటి లోపల ఐరోపా పిల్లలకన్నా రెట్టింపు స్పష్టంగా చూడగలుగుతున్నారు. కంటిపాపను బాగా కుదించడమే కిటుకు. పుట్టుకతో వచ్చిన వరమా అంటే కాదు, తరవాత ఐరోపా పిల్లలకు సాధన చేయించినా వచ్చింది. బజావుల సంగతి వేరు. మెలిస్సా ఇలార్డో బృందం 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారం వాళ్ల ప్లీహం పక్కనే ఉండే సలువాన్ ప్రజలకన్నా సగం మేర పెద్దది. మునగని బజావుల్లోనూ అంతే. ఆక్సిజన్ నిండిన రక్తకణాలకు అదొక నిల్వ సంచి. దీనికి సంబంధమున్న ఒక జన్యువునూ గుర్తించారు. పడవలో దాచుకోవడం తెలియదన్నవాళ్ల లాగే నీటిమీద బతికిన ఇంకో జాతి ఒంట్లో దాచుకుంది.

నేలకు ఎక్కించే పని దొరలు మొదలుపెట్టారు. బ్రిటిష్ నార్త్ బోర్నియో కంపెనీ 1887లో బోర్నియో తీరంలోని సెంపోర్నాలో ఠాణా పెట్టింది, తరవాత పడవలకు లైసెన్సులన్నది. పన్ను వేయాలంటే చిరునామా ఉండాలి మరి. 20వ శతాబ్దం నడిచేకొద్దీ లెపాలు విడిచి నీటిమీద గుంజల ఇళ్లకు మారిన కుటుంబాలు పెరిగాయి. దేశాలు ఏర్పడి సరిహద్దులు గీశాక చుట్టాల పడవల్లో కొన్ని ఫిలిప్పీన్స్‌వి, కొన్ని మలేసియావి, కొన్ని ఎక్కడివీ కావు. సెంపోర్నాలో 1994 నుంచి లెపా పడవల ఉత్సవం జరుగుతోంది, రంగుల తెరచాపలు, డప్పులు, ఫొటోలు. అదే సెంపోర్నా దీవుల్లో 2024 జూన్‌లో కాగితాలు లేని బజావుల ఇళ్లను అధికారులు కూల్చారు.

సురిన్ దీవులు 1981లో జాతీయ పార్కు అయ్యాయి. పెద్ద మాను నరకకూడదు, కాబట్టి కొత్త కబాంగ్ చేయడం కష్టమైంది. 2004 డిసెంబరు 26 ఉదయం సముద్రం వెనక్కు పోయినప్పుడు అక్కడి పెద్దలకు లబూన్ అనే రాకాసి అల కథ గుర్తొచ్చింది. అందరినీ గుట్ట మీదికి తరిమారు. ఊరు కొట్టుకుపోయింది, మనుషులు దాదాపు అందరూ మిగిలారు. పడవలు చాలా పోయాయి.

ఇప్పుడు ఆ నీళ్లలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తెల్లటి యాట్లు కనిపిస్తాయి. ఫుకెట్‌లో 1987 నుంచి డిసెంబరులో కింగ్స్ కప్ పందేలు నడుస్తున్నాయి. 1997లో బర్మా మెర్గుయ్ దీవులను విదేశీ పడవలకు తెరిచింది. ఇల్లూ వాకిలీ అమ్మేసి పడవ కొనుక్కుని, దీవి నుంచి దీవికి పోతూ బతికే దంపతులు వాటిలో ఉంటారు. బర్మా రేవు కౌథాంగ్ దగ్గర పాస్‌పోర్టులు చూపించి, రుసుము కట్టి, ఒక గైడును ఎక్కించుకుని లోపలికి పోతారు. నైరుతి గాలి తిరగకముందే వెనక్కి వస్తారు. ఏ వంపులో లంగరు నిలుస్తుందో వాళ్ల పటాల్లో గుర్తులున్నాయి. అడుగున నెలకు సరిపడా బియ్యం, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం, ఫ్రిజ్.

సురిన్ ఒడ్డున మొకెన్ మగవాళ్లు పర్యాటకుల మోటారు పడవలు నడుపుతారు, ఖాళీ వేళల్లో మెత్తటి కర్రతో చేతెడు కబాంగ్ బొమ్మలు చెక్కి అమ్ముతారు. తెరచాప, కప్పు, తెడ్లు అన్నీ ఉంటాయి. ముందూ వెనకా ఆ రెండు గాట్లు తప్పకుండా పెడతారు.