తుపాకీ లైసెన్సు: ఠాణా నివేదికపైనే భారం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో అర్పా నది ఒడ్డున ఉన్న ప్రాంతం సర్కండా. రైల్వే ఉద్యోగాలతో తెలుగు కుటుంబాలు కొన్ని తరాలుగా స్థిరపడిన ఈ నగరంలో ఎవరైనా తుపాకీ కొనదలిస్తే నేరుగా దుకాణానికి వెళ్లడానికి వీలులేదు. ముందుగా జిల్లా మేజిస్ట్రేటు నుంచి లైసెన్సు పొందాలి. దరఖాస్తుదారు సర్కండా వాసి అయితే విచారణ బాధ్యత స్థానిక ఠాణాది.

అమెరికాలో 1993 నాటి బ్రేడీ చట్టం ప్రకారం కొనుగోలుదారు పూర్వచరిత్రను అమ్మకం వేళ పరిశీలిస్తారు. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే, సాధారణంగా వ్యాపారి ఆయుధాన్ని అప్పగించవచ్చు. భారతదేశంలో ఆ వడపోత లైసెన్సు దశలోనే జరుగుతుంది.

1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం సమీప ఠాణా అధికారి నివేదికను కోరడం తప్పనిసరి. గడువులోగా అది అందకపోతే దాని కోసం వేచి ఉండకుండా నిర్ణయం తీసుకోవచ్చని కూడా అదే సెక్షన్ చెబుతున్నది. ప్రజల ప్రాణాలతో ముడిపడిన విషయంలో ఇది చిన్న సడలింపు కాదు. పోలీసు విచారణ లేనిదే లైసెన్సు ఇవ్వరాదని కేంద్ర హోంశాఖ 2010లో రాష్ట్రాలకు సూచించింది. దరఖాస్తుదారు గతచరిత్ర, అతనికి ఉన్న ముప్పు, ఆయుధాన్ని వాడగల సామర్థ్యం నివేదికలో ఉండాలని పేర్కొన్నది.

సాధారణంగా 21 ఏళ్లు నిండనివారు అనర్హులు. హింస లేదా నైతిక పతనంతో కూడిన నేరానికి జైలుశిక్ష పడినవారికి శిక్ష ముగిసిన తరువాత అయిదేళ్ల వరకు అర్హత లేదు. మతిస్థిమితం లేనివారికి, ప్రజాభద్రతకు ముప్పు అనిపించినవారికి లైసెన్సు నిరాకరించవచ్చు. కానీ ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించరాదు. కాపలా ఉద్యోగంతో బతకదలచిన మాజీ సైనికునికి ఈ నిబంధన ఎంతో ముఖ్యం.

సొంత తుపాకీని మరొకరికి అమ్మేవారికీ నిబంధన ఉన్నది. కొనేవారి పేరు, చిరునామాలను జిల్లా మేజిస్ట్రేటుకు గాని, సమీప ఠాణాకు గాని లిఖితపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలి. కొనేవారికి ఆయుధం కలిగి ఉండే అర్హత ఉండాలి.

2019 సవరణ ఒక్కొక్కరి వద్ద ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు కాలపరిమితిని మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. అంటే పునరుద్ధరణ వేళ జరిగే పరిశీలనల మధ్య విరామం పెరిగింది. ఈలోగా లైసెన్సుదారు అనర్హుడైతే లైసెన్సును నిలిపివేసే లేదా రద్దు చేసే అధికారం 17వ సెక్షన్ ఇస్తున్నది. అందుకు ఆ సమాచారం ఎవరో ఒకరి ద్వారా సకాలంలో అధికారికి చేరాలి.