కాకినాడ రైలుస్టేషను

సముద్రపుటొడ్డున వెలసిన పట్టణానికి రెండు వాకిళ్ళు ఉంటవి. ఒకటి రేవు, రెండవది రైలుస్టేషను. కాకినాడకు మొదటి వాకిలి ముందుగా తెరచుకొన్నది. రెండవది పిమ్మట వచ్చినది. ఈ రెండింటి నడుమ గల పొత్తును, పోటీని తెలుసుకొన్నచో ఆ పట్టణ చరిత్రలో సగపాలు తెలిసినట్లే. నేటి ప్రసంగంలో ఆ స్టేషను పుట్టుపూర్వోత్తరాలను శ్రోతలతో కలసి ఒకమారు తలచుకొందాము.

పూర్వం ఈ తీరాన పేరెన్నికగన్న రేవు కోరంగి. 1839 నవంబరులో వచ్చిన పెనుతుపాను ఆ ఊరిని ఊడ్చిపెట్టినది. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుతో ఆ రేవు క్రమంగా పూడిపోయినది. కోరంగి కోల్పోయిన వైభవం కాకినాడకు దక్కినది. పట్టణానికి ఎదురుగా హోపు ఐలండు అను ఇసుకదీవి అలల తాకిడికి అడ్డుగా నిలిచి, ఓడలకు కాపుదల ఇచ్చినది. డచ్చివారి చేతిలో ఉండిన జగన్నాథపురం 1825లో ఆంగ్లేయుల వశమైనది. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను ముగించినాడు. అచ్చటినుండి కాకినాడకు త్రవ్విన కాలువ పొలాలకు నీటినేగాక పడవలకు దారిని కూడ ఇచ్చినది. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరుగగా, ఇంగ్లండు మరమగ్గాలకు మన ప్రత్తి కావలసివచ్చినది. ఆ కాలమున కాకినాడ రేవు కళకళలాడినది. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరమున లంగరు దించి నిలుచును. నావలే సరుకును ఓడకు చేర్చెడివి.

ఇట్లు నీటిమీద బ్రతికిన పట్టణానికి ఇనుపదారి వచ్చినది. బెజవాడ నుండి కటకం వరకు తీరం వెంబడి ఈస్టుకోస్టు రైల్వే 1893కును 1896కును నడుమ అంచెలంచెలుగా తెరువబడినది. అయితే ప్రధానమార్గం కాకినాడను తాకలేదు; సామర్లకోట మీదుగా సాగిపోయినది. అచ్చటనుండి చీలిన చిన్న శాఖామార్గమే కాకినాడ పాలబడినది. ఆ శాఖ నిడివి పట్టున పదిహేను కిలోమీటర్లు లేదు. కాని ఆ కొద్ది దూరమే పట్టణ భవిష్యత్తుపై పెద్ద ప్రభావం చూపినది. కలకత్తా, మదరాసుల నడుమ పోయే ప్రయాణికుడు సామర్లకోటను చూచునేగాని కాకినాడను చూడడు. కాకినాడవాసి దూరప్రయాణం చేయవలెనన్న, నేరుగా పోవు బండి లేనప్పుడు, సామర్లకోటలో దిగి బండి మారవలసినదే.

1897లో ఆరంభించిన రాజమహేంద్రవరపు గోదావరి వంతెన 1900లో పూర్తియైనది. యాబదియారు అంకణాల ఆ హేవ్‌లాకు వంతెనపై బండ్లు నడచునంతవరకు గోదావరి వద్ద దారి తెగియే ఉండెడిది. 1901లో వాల్తేరు, బెజవాడల నడుమ మార్గం మద్రాసు రైల్వే చేతికి, 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి, స్వాతంత్ర్యానంతరం 1951లో దక్షిణ రైల్వే చేతికి, 1966లో దక్షిణ మధ్య రైల్వే చేతికి మారినది. యజమానులు మారినారుగాని, సామర్లకోట వద్ద మలుపు మాత్రం మారలేదు.

రైలు రేవునకు తోడుగా వచ్చినదా, పోటీగా వచ్చినదా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పలేము. రైలు లోపలి సీమల సరుకును రేవునకు తెచ్చినది. ఆ రైలే ఆ సరుకును దూరపు రేవులకు తరలించుటకు కూడ దారి చూపినది. 1931లో రాయపూరు మార్గం పార్వతీపురం దిశనుండి పూర్తియైనది. 1933లో విశాఖపట్టణపు హార్బరు ప్రారంభమైనది. మధ్యపరగణాల సరుకు నేరుగా ఓడ ఒరుసుకొని నిలిచే రేవునకు చేరుచుండగా, నావలపై ఆధారపడిన కాకినాడ వెనుకబడుట వింతగాదు.

1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన అఖిలభారత కాంగ్రెసు మహాసభ కాకినాడలో జరిగినది. దేశపు నలుమూలల నుండి ప్రతినిధులు ఈ పట్టణానికి తరలివచ్చినారు. అచ్చటి ఖద్దరు ప్రదర్శనశాల వాకిట నిలిచిన పదునాలుగేండ్ల బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపివేసినది. ఆ బాలికయే తరువాతి కాలమున దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రసిద్ధి చెందినది. నియమం అందరికి ఒకటే అన్న పాఠం రైలు గేటువద్ద నిలిచే ఉద్యోగికిని చక్కగా వర్తించును.

ఇక ఈ స్టేషను కథలో అందరి మనస్సులను తాకే ఘట్టము కోటిపల్లి మార్గము. 1928లో కాకినాడనుండి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమీతీరమందలి కోటిపల్లి వరకు సుమారు నలుబదియైదు కిలోమీటర్ల దారి వేసినారు. భీమేశ్వరుని దర్శించు యాత్రికులకు, కోనసీమనుండి గౌతమి దాటివచ్చు రైతులకు అది గొప్ప ఆసరా. కాని రెండవ ప్రపంచయుద్ధం వచ్చినది. ఇనుము కావలెనని ఆ పట్టాలు పెరికి తరలించినారు. యుద్ధం ముగిసినది, దేశం స్వతంత్రమైనది. పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. తాత ఎక్కిన బండిని మనుమడు కథగానే విన్నాడు. పెరికివేయుటకు కొద్దికాలం చాలినది; తిరిగి వేయుటకు అరువదియేండ్లకు పైగా పట్టినది. అమలాపురం పార్లమెంటు సభ్యుడు, లోకసభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగిగారు కోనసీమకు రైలు రావలెనని పట్టుపట్టినారు. కోటిపల్లినుండి నరసాపురం వరకు గోదావరి పాయలను దాటి పోవు మార్గానికి మంజూరు లభించినది. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో ఆయన కన్నుమూసినారు. 2004లో కోటిపల్లికి బండి తిరిగి నడచినపుడు దానిని చూచుటకు ఆయన లేరు.

నేడు కాకినాడలో టౌను, పోర్టు అని రెండు స్టేషనులు ఉన్నవి. గౌతమి ఎక్స్‌ప్రెస్ హైదరాబాదు జంటనగరాల దిశగా, శేషాద్రి బెంగుళూరునకు, సర్కారు ఎక్స్‌ప్రెస్ తమిళనాడునకు పోవును. షిరిడీకి పోవు బండి ఉన్నది. గుజరాతులోని భావనగరానికి పోవు బండి తూర్పుసముద్రతీరాన్ని పడమటి తీరంతో కలుపుచున్నది. 1997లో లోతునీటి రేవు ఏర్పడినపిమ్మట పెద్ద ఓడలు ఒడ్డునే ఆగుచున్నవి. ఎరువులు, బియ్యం మోయు గూడ్సుబండ్లు రేవునకు, రైలుకు పాతపోటీని మాన్పి తిరిగి పొత్తు కుదిర్చినవి. ప్రధానమార్గం పిఠాపురం వద్దనుండి నేరుగా పట్టణానికి రావలెనన్న కోరిక మాత్రం చిరకాలంగా వినవచ్చుచున్నది.

చివరగా ఒక చిన్న విశేషం. ఆంగ్లేయులు ఈ ఊరిని కోకనాడ అని పిలిచెడివారు. ఆ పేరు ప్రజల వాడుకనుండి తొలగినది. కాని రైల్వేవారి సంకేతాక్షరాలలో టౌనుస్టేషను నేటికిని సి.సి.టి., పోర్టుస్టేషను సి.ఓ.ఏ. టిక్కెట్టుమీది ఆ అక్షరాలలో పాత కోకనాడ ఇంకను దాగియున్నది. ఈసారి కాకినాడకు ప్రయాణమైనపుడు శ్రోతలు ఆ టిక్కెట్టును ఒక్క క్షణం పరికింతురుగాక.  పోయిన దారి తిరిగివచ్చుట అరుదు; వచ్చిన దారిని నిలుపుకొనుట మన వంతు.