కేబుల్ చెప్పిన అబద్ధం

2016 ఫిబ్రవరి మొదట్లో జరిగిన సంగతి. అమెరికాలో గూగుల్ ఇంజినీరు బెన్సన్ ల్యూంగ్ ముందు ఆ రోజు మూడు వస్తువులున్నాయి. ఒకటి ఆయన ల్యాప్‌టాప్, 2015 నాటి క్రోమ్‌బుక్ పిక్సెల్. రెండోది ట్వింకీ అనే చిన్న పరీక్షా పరికరం. కేబుల్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య దాన్ని తగిలిస్తే తీగల్లో ఎంత కరెంటు పోతోందో, ఏ సంకేతాలు నడుస్తున్నాయో చెబుతుంది. మూడోది అమెజాన్‌లో కొన్న కొత్త కేబుల్. సర్జ్‌టెక్ అనే కంపెనీది. ఒక కొస పాత తరహా వెడల్పాటి యూఎస్‌బీ, రెండో కొస గుండ్రటి అంచుల టైప్-సి.

అప్పటికి ఆయన అలాంటి కేబుళ్లు చాలానే పరీక్షించి ఉన్నాడు. దీన్నీ అలాగే తగిలించాడు.

పరీక్షా పరికరం పని మానేసింది. దాని సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి చూశాడు, లాభం లేదు. ల్యాప్‌టాప్‌కున్న రెండు టైప్-సి పోర్టుల్లోనూ చార్జింగ్ ఎక్కడం లేదు, వేరే పరికరం పెట్టినా గుర్తించడం లేదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే మామూలు తెరకు బదులు రికవరీ తెర వచ్చింది. పోర్టులను, బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే లోపలి చిప్ దెబ్బతింది. ఆ కేబుల్ దెబ్బకు ఒక ల్యాప్‌టాప్, ఆయన వాడిన మరోదానితో కలిపి రెండు పరీక్షా పరికరాలు పోయాయి.

మనమైతే కేబుల్‌ను విసిరికొట్టి ఊరుకుంటాం. ఆయన మాత్రం ఏ కొసలో ఏ పిన్ను అవతలి కొసలో దేనికి కలుస్తోందో వరసగా చూసుకుంటూ వెళ్లాడు. మూడు తప్పులు బయటపడ్డాయి. మొదటిది, వేగంగా డేటా పంపే తీగలు అసలు లేవు. ఉన్నాయని చెప్పి అమ్మారు. రెండోది, ఉండాల్సిన రెసిస్టర్ బదులు వేరేది ఉంది. మూడోదే ప్రాణాంతకం. కరెంటు తీగను గ్రౌండ్ తీగ ఉండాల్సిన చోట, గ్రౌండ్ తీగను కరెంటు తీగ ఉండాల్సిన చోట అతికించారు. ప్లస్ మైనస్ తారుమారయ్యాయి. బొమ్మ కార్లో సెల్లులు తిరగేసి పెడితే బొమ్మ వెనక్కి పోతుంది, లేదా కదలదు, అంతే. ల్యాప్‌టాప్ పోర్టులో 5 వోల్టులు తిరగబడి దూరితే చిప్పులే పోతాయి.

ఆ కేబుల్‌కు ఆయన ఒక్క నక్షత్రం ఇచ్చి, జరిగినదంతా అమెజాన్‌లో రాసి పెట్టాడు. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. అయితే నన్నడిగితే ఈ కథలో అసలు దొంగ ఈ కేబుల్ కాదు. తీగలు తారుమారైన కేబుల్ తగిలించిన క్షణంలోనే పట్టుబడుతుంది. పట్టుబడకుండా నెలల తరబడి పనిచేస్తూ, పైగా మంచి పేరు తెచ్చుకునే కేబుల్ ఇంకోటి ఉంది. ల్యూంగ్ మొదట వెంటపడింది దాని కోసమే.

అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 24 పిన్నుల టైప్-సి ప్రమాణం 2014 ఆగస్టులో వచ్చింది. మరుసటి ఏడాది గూగుల్ నెక్సస్ 5ఎక్స్, 6పి ఫోన్లు ఆ పోర్టుతో దిగాయి. 5ఎక్స్ డబ్బాలో వచ్చిన కేబుల్‌కు రెండు కొసలూ టైప్-సియే. మరి ఇంట్లో ఉన్న పాత చార్జర్లు, కంప్యూటర్లు, కార్లోని సాకెట్లన్నీ పాత తరహావి. దాంతో ఒక కొస పాతది, ఒక కొస కొత్తది ఉన్న కేబుళ్ల కోసం జనం ఎగబడ్డారు. గిరాకీ చూసి, ఊరూపేరూ లేని కంపెనీలు పదుల సంఖ్యలో దిగాయి. 2015 నవంబరులో ల్యూంగ్ ఒక్కో కేబుల్ పరీక్షిస్తూ ఫలితాలు అమెజాన్‌లోనూ గూగుల్ ప్లస్‌లోనూ రాయడం మొదలుపెట్టాడు.

టైప్-సి కేబుల్ ఉత్త తీగ కాదు. అది ఫోనుతో మాట్లాడుతుంది. ఆ మాటను మోసేది కొసలో దాగిన ఆవగింజంత రెసిస్టర్. దాని విలువ 56 కిలో ఓమ్‌లైతే, 'అవతల ఉన్నది పాత తరహా చార్జర్, మామూలుగా తీసుకో' అని ఫోను అర్థం చేసుకుంటుంది. 22 అయితే ఒకటిన్నర ఆంపియర్లు తీసుకోవచ్చని. 10 అయితే 3 ఆంపియర్లు లాగేయవచ్చని. పాత తరహా కొస ఉన్న కేబుల్లో 56 మాత్రమే ఉండాలన్నది ప్రమాణం. కారణం సులువే: అవతలి కొసను ఎవరు దేనికి తగిలిస్తారో కేబుల్‌కు తెలియదు. అది 2 ఆంపియర్ల చార్జర్ కావచ్చు, అర ఆంపియరు ఇచ్చే కంప్యూటర్ పోర్టు కావచ్చు.

చాలా కంపెనీలు అక్కడ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టేశాయి. అంటే చార్జర్ దగ్గర ఉన్నా లేకపోయినా 3 ఆంపియర్లు ఉన్నాయని కేబుల్ ఫోనుకు అబద్ధం చెబుతోంది. ఫోను నమ్మి లాగుతుంది. తెర మీద 'వేగంగా చార్జ్ అవుతోంది' అని పడుతుంది. కొన్నవాడు మురిసిపోయి ఐదు నక్షత్రాలు ఇస్తాడు. పక్కనే నిజాయితీగా 56 పెట్టిన కేబుల్ ఉత్త 'చార్జ్ అవుతోంది' అని చూపించి, నెమ్మది అని తిట్లు తింటుంది. రెండింటిలో ఏది మంచిదో తెర చూసి ఎవరు చెప్పగలరు? తలకు మించిన భారం మోసిన చార్జర్ మంచిదైతే తనను తాను ఆపుకుంటుంది. రక్షణ లేని చవక రకమైతే కాలిపోతుంది. ఆరోజు ఎవరూ కేబుల్‌ను అనుమానించరు. చార్జర్ పాతబడింది అనుకుంటారు.

పెద్ద పేరున్న కంపెనీలూ ఇందులో దొరికాయి. వన్‌ప్లస్ టైప్-సి కేబుల్లోనూ ప్రమాణానికి సరిపోని రెసిస్టరే ఉందని 2015 నవంబరులో ల్యూంగ్ బయటపెట్టాడు. ఆ కంపెనీ సహవ్యవస్థాపకుడు కార్ల్ పై ఒప్పుకుని, విడిగా కేబుల్ కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామన్నాడు. 2016 మార్చి చివర్లో అమెజాన్ తన నిషేధిత సరుకుల జాబితాలో ఒక వాక్యం చేర్చింది: ప్రమాణానికి సరిపోని టైప్-సి కేబుళ్లు, అడాప్టర్లు అమ్మకూడదని. ఆ ఏప్రిల్‌లోనే, అవతల ఉన్న చార్జర్ అసలుదో కాదో పరికరమే అడిగి తెలుసుకునే పద్ధతిని యూఎస్‌బీ సంస్థ ప్రకటించింది. ల్యూంగ్ రాతల్లో చాలా భాగానికి చోటైన గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది.

అమెరికా కథ అలా ఉంచి, ఇక జోగులాంబ గద్వాల జిల్లా గట్టు మండలం సంగతికి వద్దాం. రాయచూరు సరిహద్దున ఉన్న ఈ మండలంలో ఫోను చార్జింగ్ చిన్న విషయం కాదు. విత్తన పత్తికి క్రాసింగ్ చేసే రోజుల్లో పొద్దున్నే చేనెక్కినవాళ్లకు ఫోను సాయంత్రం దాకా నిలవాలి. ట్రాక్టర్‌కు తగిలించుకున్న సాకెట్, పవర్ బ్యాంకు, ఇంట్లో పాత ఫోను తాలూకు చార్జర్, ఏది చేతికందితే దాంతో ఎక్కిస్తారు. మగ్గం నేసే ఇళ్లలో చీర ఫొటో వాట్సాప్‌లో పోవాలి, డబ్బులు ఫోన్‌పేలో రావాలి. బస్టాండు దగ్గర ఏ మొబైల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఇంచుమించు ఇదే మాట వినిపిస్తుంది:

"అన్నా, రాత్రంతా పెట్టినా సగం కూడా ఎక్కుతలేదు."

"బ్యాటరీ పోయినట్టుందక్కా. మార్పిద్దామా?"

బ్యాటరీ మార్చాక కూడా ఎక్కకపోతే అప్పుడు కేబుల్ వంక చూస్తారు. వరస తిరగబడింది. చవకైనదాన్ని ముందు మార్చి చూడాలి, ఖరీదైనదాన్ని చివర్లో.

పైకి చూసి సరుకును నమ్మకూడదని నకిలీ విత్తనం దెబ్బ తిన్న గద్వాల ప్రాంతానికి ఎక్కువ విడమర్చి చెప్పక్కర్లేదు. ప్యాకెట్ మీద బొమ్మ ఒకటే, అచ్చు ఒకటే. తేడా తెలిసేది మొలకెత్తాక. కేబుల్ కూడా పైకి చూస్తే ఏమీ తెలియదు, అల్లిక దారం చుట్టినదైతే మరీ ముచ్చటగా ఉంటుంది. లోపల రాగి ఎంత ఉందన్నదే లెక్క. మీటరు పొడవు కేబుల్లో కరెంటు తీగలు 28 గేజివి అనుకోండి. వెళ్లేది, వచ్చేది కలిపి దాదాపు 0.43 ఓమ్‌ల నిరోధం. 2 ఆంపియర్లు పారితే 0.85 వోల్టులు దారిలోనే వేడిగా పోతాయి. చార్జర్ దగ్గర 5 ఉన్నది ఫోను దగ్గరికి వచ్చేసరికి 4.15. బ్యాటరీ నిండాలంటేనే 4.2 నుంచి 4.4 వోల్టులు కావాలి, ఇక లోపలికి ఎలా పోతుంది? వోల్టేజీ కుంగుతోందని పసిగట్టి ఫోను లాగడం తగ్గించుకుంటుంది. అదే తీగలు 24 గేజివైతే పోయేది మూడో వంతు వోల్టు. 20 గేజివైతే దాదాపు 0.13 మాత్రమే. గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావు. కొన్ని కేబుళ్ల ఒంటి మీద '28 ఎడబ్ల్యూజీ' '24 ఎడబ్ల్యూజీ' అని సన్నగా అచ్చయి ఉంటుంది. రెండు అంకెలుంటే సాధారణంగా చిన్నది కరెంటు తీగలది. రాగి పూత పూసిన అల్యూమినియం వాడితే మాత్రం ఈ లెక్క కూడా తప్పుతుంది, ఒకే లావులో నిరోధం ఇంకా పెరుగుతుంది. అందుకే మూడు మీటర్ల సన్న కేబుల్ మంచం దాకా వస్తుందని కొనుక్కోవడం కంటే, పొట్టిది కొని మంచాన్ని జరుపుకోవడం నయం.

నెమ్మదిగా ఎక్కే ప్రతి కేబుల్నీ దొంగ అనడానికి లేదు. ఒప్పో, వన్‌ప్లస్, షావోమీ వంటి కంపెనీల మెరుపు చార్జింగ్ వాళ్ల సొంత పద్ధతి. వాళ్ల చార్జర్, దానికి తగిన కేబుల్ రెండూ కలిస్తేనే ఆ వేగం వస్తుంది. పక్కింటివాళ్ల మంచి కేబుల్ పెట్టినా మామూలు వేగమే. రెండు కొసలూ టైప్-సి ఉన్న మామూలు కేబుల్ 3 ఆంపియర్ల దాకా మోస్తుంది. 5 ఆంపియర్లు మోయాలంటే కొసలో తన సామర్థ్యాన్ని చెప్పే చిప్ ఉండాలి. ప్రమాణం పాసైన కేబుళ్లలో మొదటి రకం మీద 60 వాట్లని, రెండో రకం మీద 240 వాట్లని గుర్తు ఉంటుంది.

మరి తప్పు ఎక్కడుందో ఇంట్లో ఎలా పట్టాలి? ఒకసారికి ఒక్కటే మార్చాలి. అదే చార్జర్, అదే ఫోను ఉంచి కేబుల్ ఒక్కటి మార్చి చూడండి. ఎక్కితే కథ అక్కడితో అయిపోయింది. ఎక్కకపోతే కేబుల్ పాతదే పెట్టి చార్జర్ మార్చండి. తర్వాత గోడ సాకెట్. రెండు మూడు మంచి కేబుళ్లూ ఫోన్లో వదులుగా ఊగుతుంటే అప్పుడు పోర్టును అనుమానించాలి. ఇక్కడ అందులో దొరికేది ఎక్కువగా పత్తి నుసి, గుంట మగ్గాల ఇళ్లలోనైతే నూలు నుసి. జేబులో అణిగి అణిగి పోర్టు అడుగున గట్టిపడి, కొసను పూర్తిగా లోపలికి దిగనివ్వదు. ఫోను ఆపేసి, చెక్క పుల్లతో మెల్లగా తీస్తే వస్తుంది. గుండుసూది పెట్టొద్దు, పిన్నులు ఒకదానికొకటి తగిలిపోతాయి. తడి ఉందని ఫోను చెబితే ఆరనివ్వాలి, పొయ్యి దగ్గర పెట్టకూడదు.

చార్జింగ్‌లో ఉండగా తెర తనంతట తానే ఏవేవో నొక్కుకుంటోందా? వేలు పెట్టిన చోట కాకుండా ఇంకెక్కడో తెరుచుకుంటోందా? చాలాసార్లు అది ఫోను జబ్బు కాదు, చవక అడాప్టర్ నుంచి వచ్చే కరెంటు శుభ్రంగా లేకపోవడం. అడాప్టర్ గోరువెచ్చగా ఉండటం మామూలే. పట్టుకోలేనంత కాలినా, కమురు వాసన వచ్చినా, కొస రంగు మారినా ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి, ఆ తర్వాతే తీయాలి. ల్యూంగ్ కేబుల్ తారుమారైనా అక్కడున్నది 5 వోల్టులే, నష్టపోయింది వస్తువులు. అడాప్టర్ లోపల 230 వోల్టులకూ మీ చేతికీ మధ్య ఉండే అడ్డుగోడ పలచబడితే పోయేది మనిషి. కేబుల్లో పది రూపాయలు మిగుల్చుకున్నా సరే, అడాప్టర్లో మాత్రం మిగుల్చుకోవద్దని నా మాట.

2012లో మొదలైన తప్పనిసరి నమోదు పథకం కిందికి అడాప్టర్లు, పవర్ బ్యాంకులు వస్తాయి. వాటి మీద భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, దాని దగ్గర 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. గుర్తు అచ్చు వేయడం ఎవరికైనా చేతనవుతుంది కాబట్టి, 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. ఏ కంపెనీ పేరు మీద ఉందో, ఏ వస్తువుకు ఇచ్చారో అందులో వస్తుంది. చేతిలో ఉన్నది అడాప్టరై, యాప్‌లో కనిపించేది ఇంకేదో అయితే షాపులోనే తిరిగి ఇచ్చేయొచ్చు. బిల్లు ఉంటే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. బిల్లు అడిగితే బస్టాండు షాపులో వింతగా చూస్తారు, చూడనివ్వండి.

చెడ్డదని తేలిన కేబుల్‌ను సొరుగులో మాత్రం పడేయకండి. మరో నెలకు మీ పిల్లలో, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లో 'ఇదిగో ఇక్కడ ఒకటి ఉంది' అని తీసి తగిలిస్తారు. కత్తెరతో మధ్యకు రెండు ముక్కలు చేసి పారేయండి. గోడకు పెట్టి ఉండగా మాత్రం కత్తిరించకండి.