ఆముదం వాసన: షోలవరం రేసుల నుంచి మా కుర్రాళ్ల బగ్గీ దాకా

సౌకార్‌పేటలో స్థిరపడిన మా తెలుగు ఇళ్లల్లో ఆముదం సీసా లేని అలమర ఉండేది కాదు. పసివాళ్ల మాడుకీ, పెద్దవాళ్ల కడుపుకీ, దీపానికీ అదే. ఇప్పుడు మా కుర్రాళ్లు పందేలకి తయారుచేసే రిమోట్ బగ్గీ ఇంజన్లోకీ అదే చేరింది. పెద్దవాళ్లు వింతపడ్డారు గానీ, రేసులకీ ఆముదానికీ వందేళ్లకు పైబడిన చుట్టరికం ఉంది.

1909లో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ కంపెనీ తన ఇంజన్ ఆయిల్లో ఆముదం కలిపి, ‘కాస్టర్’ అన్న మాట నుంచే ‘కాస్ట్రాల్’ అని పేరు పెట్టింది. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లకు కందెన ఆముదమే. పెట్రోలులో అది అంత తేలిగ్గా కలిసిపోదు, ఎంత కాగినా లోహాన్ని వదలదు. మన నల్గొండ, పాలమూరు మెట్టచేలల్లో తరతరాలుగా పండుతున్న పంటే చూడండి ఇది.

మద్రాసు రేసులూ మనకు దూరం కాదు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో మొదలైంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు షోలవరం విమానాల రన్‌వే మీద కార్లూ, మోటారు సైకిళ్లూ పందేలు ఆడేవి. నెల్లూరు వెళ్లే మనవాళ్లకి జీఎన్‌టీ రోడ్డులో రెడ్‌హిల్స్ దాటాక తగిలే ఊరే అది. తర్వాత 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది.

మా కుర్రాళ్ల బగ్గీ అసలు కారులో ఎనిమిదో వంతు. ఇంజన్ మూడున్నర సీసీ. ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్, వాటితో పాటే నూనె. వేరే ఆయిల్ ట్యాంకు ఉండదు. తయారీ కిటుకంతా ఇక్కడే ఉంది.

కొత్త ఇంజన్ సిలిండరు పైభాగంలో కాస్త ఇరుకు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ బిగిసిపోతుంది. అందుకే ముందు హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి, ఇంధనం ధారాళంగా ఇచ్చి, కొన్ని ట్యాంకులు మెల్లగా నడుపుతారు. ఆపగానే పిస్టన్ కిందికి తెచ్చి చల్లార్చాలి. ఆ తర్వాతే సూదిని కొద్దికొద్దిగా బిగించి ఇంధనం తగ్గించడం. వేగం పెరుగుతుంది, ఆశ కూడా పెరుగుతుంది. కానీ ఇంధనం తగ్గితే నూనే తగ్గుతుంది! వెనకాల సన్నటి పొగ కనిపిస్తూ ఉండాలి. పొగ ఆగిందంటే ఇంజన్ ఎండిపోతోందన్నమాట. నూనె మిగిల్చి ఇంజన్ పోగొట్టుకునే బేరం ఏ సౌకారూ చెయ్యడు.

పందెం అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం కాలిపోయేదాకా నడిపి, లోపల నాలుగు చుక్కల నూనె వెయ్యాలి. మిథనాల్ తేమను లాగుతుంది. మన సముద్రపు గాలికి బేరింగులు ఇట్టే తుప్పుపడతాయి.

ఒక్క విషయంలో మాత్రం మా పెద్దవాళ్ల మాటే చెల్లింది. మిథనాల్ విషం. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా ప్రాణాలు తీసిన కల్తీసారాలో ఉన్నది అదే. దాని మంట పగటి వెలుతుర్లో కంటికి ఆనదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. కాబట్టి డబ్బాకి తాళం, చేతికి గ్లవుజులు, పని మేడమీద ఆరుబయటే. అలమరలో ఉన్న మందు ఆముదాన్ని ఇంజన్లో పొయ్యకండి. ఇంజన్‌కి జిగురు తీసి శుద్ధి చేసినదే కావాలి. జాతి ఒకటే అయినా, ఏ సీసా పని ఆ సీసాదే.