కవిగారూ, ఈ వారం విశేషాలేంటి?

రేడియో పక్కన పెరిగినవాళ్ల చెవుల్లో "ఇంతటితో వార్తలు సమాప్తం" అన్న మాట ఎప్పటికీ మోగుతూనే ఉంటుంది. డచ్ వాళ్లకీ వార్తలు ముగించేటప్పుడు చెప్పే అలాంటి ముక్క ఒకటుంది. 1996లో ఒక ఇంగ్లీషు హాస్య కార్యక్రమాన్ని తమ టీవీకి తెచ్చుకుంటూ ఆ ముక్కనే పేరుగా పెట్టేశారు: 'దిత్ వాస్ హెత్ నీవ్స్'. స్వీడన్ వాళ్లూ, నార్వే వాళ్లూ అదే కార్యక్రమాన్ని తమ తమ పేర్లతో తెచ్చుకున్నారు. 1998లో ఫిన్లండ్ ప్రభుత్వ టీవీ యూలె తెచ్చుకుంది. ఫిన్నిష్ భాషకి సమాసాలంటే ప్రాణం కదా, ఒక్క మాటలో తేల్చేసింది: 'ఊతిస్‌వుఓతో'. ముందు సగం వార్త, వెనక సగం కారడం. వార్తల లీకు అన్నమాట.

అందరూ వేరే పేర్లు వెతుక్కోవలసి రావడానికి కారణం అసలు పేరే. 'హావ్ ఐ గాట్ న్యూస్ ఫర్ యూ' అంటే పైకి "నీకో కబురు తెచ్చాను" అని అర్థం. లోపల మాత్రం "విన్నాక నీ మొహం చూడాలి" అన్న వెటకారం ఉంటుంది. ఆ వెటకారం అనువాదంలో ఎగిరిపోతుంది. పేరు సంగతి సరే, ఆటలో ఉన్న వెటకారం ఇంకో దేశానికి వెళ్లాక ఏమవుతుంది? ఫిన్లండ్ కథ నన్ను పట్టుకుంది అందుకే.

ముందు ఆట ఏమిటో చెప్పాలి. ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు, మధ్యలో ప్రశ్నలడిగే మనిషి. ప్రశ్నలన్నీ ఆ వారం వార్తల మీదే. మాటల్లేని వీడియో ముక్క చూపించి ఇదే వార్తో చెప్పమంటారు. నాలుగు ఫొటోలు పెట్టి ఇందులో పొసగనిది ఏదంటారు. పత్రికా శీర్షికలో ఒక మాట కొట్టేసి ఖాళీ పూరించమంటారు. ఆ శీర్షికల్లో కొన్ని, మామూలు జనం పేరు కూడా విని ఉండని ఏదో చిన్న పత్రికలోంచి తెస్తారు. చివర్లో మార్కులు చెబుతారు, ఎవరూ పట్టించుకోరు. మనకి ఇది మరీ వింతేం కాదు. సమస్యాపూరణం చూసినవాళ్లం, అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి నవ్వినవాళ్లం. కాకపోతే మన అవధానంలో అందరూ కలిసి ఒక్కడి మీద పడతారు. ఇక్కడ అందరూ కలిసి అక్కడ లేని పెద్దమనుషుల మీద పడతారు. ఒక్కోసారి అతిథిగా వచ్చి కూర్చున్న పెద్దమనిషి మీద కూడా.

బీబీసీ రెండో ఛానెల్లో ఇది మొదలైంది 1990 సెప్టెంబరు 28న. అడిగే మనిషి ఆంగస్ డేటన్. ఒక జట్టుకి కెప్టెన్ పాల్ మెర్టన్, కమెడియన్. రెండో జట్టుకి ఇయాన్ హిస్లప్, 'ప్రైవేట్ ఐ' అనే వ్యంగ్య పత్రిక సంపాదకుడు. అంతకు ముందేడే ఒక పరువునష్టం దావాలో ఆ పత్రిక 6 లక్షల పౌండ్లు కట్టాలని జ్యూరీ తీర్పు చెప్పింది. తర్వాత ఆ మొత్తం బాగా తగ్గిందిలెండి. కానీ ఆ కుర్చీలో కూర్చున్నది ఎలాంటి మనిషో అర్థమవుతుంది. గురువారం రికార్డింగు, శుక్రవారం ప్రసారం, మధ్యలో లాయర్ల కత్తెర. అందుకే ఆ కార్యక్రమంలో ఒక మాట ఊతపదమైపోయింది: 'అలెజెడ్లీ'. ఎవరి మీదైనా ఘోరమైన సంగతి చెప్పేసి, చివర్లో ఆ మాట తగిలిస్తారు. తెలుగులో ఇంత పొడుగు మాట అక్కర్లేదు. మనకి ఒక్క అక్షరం చాలు. "తిన్నాడు" అంటే కేసు, "తిన్నాడట" అంటే కబురు. ఫిన్నిష్‌లోనూ 'కూలెమ్మ' అని ఒక మాట ఉంది, ఇంచుమించు మన 'అట'యే.

1993లో లేబర్ పార్టీ పెద్ద నాయకుడు రాయ్ హాటర్స్‌లీ అతిథిగా వస్తానని చివరి నిమిషంలో రానన్నాడు. అలా చేయడం మూడోసారి. దాంతో ఆయన కుర్చీ ముందు బల్లమీద ఒక డబ్బా పందికొవ్వు పెట్టి, దాన్నే అతిథిగా పరిచయం చేసి ఆట నడిపించేశారు. మన భాషలోనైతే ఆ జోకు ఇంకో మెట్టు పైకెళ్లేది. కొవ్వెక్కింది అన్న మాట మనకుంది కదా.

అయిదేళ్ల తర్వాత ఈ ఆట ఫిన్లండ్‌కి చేరింది. అక్కడ వెటకారానికి వేరే చరిత్ర ఉంది. ఉర్హో కెక్కొనెన్ 1956 నుంచి 1982 దాకా, అంటే పాతికేళ్ల పైన, అధ్యక్షుడిగా ఉన్నాడు. పక్కన సోవియట్ యూనియన్, పొడవాటి సరిహద్దు. నవ్వు అసలు లేదని కాదు. కారి సువోమలైనెన్ లాంటి కార్టూనిస్టు 'హెల్సింగిన్ సనొమత్'లో కెక్కొనెన్‌ని ఏళ్ల తరబడి గీస్తూనే ఉన్నాడు. కానీ తూర్పు పొరుగు విషయానికొస్తే, ఎవరూ వద్దనకముందే తామే వద్దనుకునే అలవాటు దేశానికి పట్టుకుంది. సోల్జెనిత్సిన్ 'గులాగ్ ఆర్కిపెలాగో' ఫిన్నిష్ అనువాదం మొదటి భాగం 1974లో అచ్చయింది ఫిన్లండ్‌లో కాదు, స్వీడన్‌లో. 1986లో రెన్నీ హార్లిన్ తీసిన సినిమాని సోవియట్ వ్యతిరేకత ఉందని, హింస ఎక్కువైందని ఆపేశారు, కోతల తర్వాతే వదిలారు. నాలుగేళ్ల తర్వాత అదే హార్లిన్ హాలీవుడ్‌లో 'డై హార్డ్ 2' తీశాడు. ఆ నిషేధానికీ 'ఊతిస్‌వుఓతో'కీ మధ్య దూరం పన్నెండేళ్లే. చూసేవాళ్లు వాళ్లే, టీవీ అదే.

మరి ఆ కుర్చీల్లో ఎవర్ని కూర్చోబెట్టారు? వ్యంగ్య పత్రిక సంపాదకుడినీ, స్టాండప్ కమెడియన్‌నీ కాదు. ఒకవైపు నవలాకారుడు యరి తెర్వో, ఇంకోవైపు కవి తొమ్మీ తాబెర్మన్. మధ్యలో ప్రశ్నలడిగింది పేతెర్ న్యూమన్. ఆయనది ఫిన్లండ్‌లో నూటికి అయిదుగురు మాట్లాడే స్వీడిష్. అల్పసంఖ్యాకుల భాషవాడు తీర్పరి, రచయితలు ఆటగాళ్లు. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నేను నమ్మలేదు. మన టీవీలో వారం వార్తల మీద జోకులేసే కార్యక్రమానికి ఒక నవలాకారుణ్ణీ, ఒక ప్రేమకవినీ కెప్టెన్లుగా పెడదామని ఎవరైనా అంటే, అన్నవాణ్ణే ఎగాదిగా చూస్తాం.

ఎందుకు రచయితలు? నాకు తోచింది చెప్తాను, ఇది నా ఊహే. లండన్ ఆటలో హిస్లప్‌కి వార్త వెనక కథ తెలుసు, మెర్టన్‌కి ఆ కథని ఎటైనా తిప్పడం తెలుసు. ఫిన్లండ్‌లో ఇలా తిప్పి చెప్పడం, చెప్పకుండా చెప్పడం అనే విద్యని అన్నాళ్లూ బతికించి ఉంచింది సాహిత్యం. తెర్వోనే తీసుకోండి. రోవానియెమి అనే ఉత్తరాది ఊళ్లో పుట్టినవాడు. ఈ ఆట ఆడుతున్న రోజుల్లోనే, 2004లో, 'మ్యూరా' అనే నవల అచ్చువేశాడు. చుంచు అని అర్థం, లోపల దూరిన గూఢచారి అని కూడా. ఆ నవల కెక్కొనెన్ కాలం గురించీ, ఆనాటి రహస్య పోలీసుల గురించీ. అంటే టీవీలో వారం వారం వార్తని నవ్వుగా మార్చే మనిషే, ఇంటికెళ్లి నవ్వలేకపోయిన కాలాన్ని రాసుకున్నాడు. ఇవి రెండూ వేరువేరు పనులని నాకనిపించదు.

తాబెర్మన్ ఇంకా ఆసక్తికరమైన మనిషి. 1970లో వచ్చిన తొలి కవితా సంపుటి పేరు 'రోజా లగ్జెంబర్గ్‌కి రోజాలు'. ఫిన్నిష్‌లో ఉన్న శ్లేష తెలుగులోకీ చెక్కుచెదరకుండా వచ్చేయడం అనువాదకులకి జీవితంలో ఒకటి రెండుసార్లు దొరికే అదృష్టం. ఆ తర్వాత ఆయన పేరు నిలబడింది ప్రేమకవిగా, శరీరాన్ని సిగ్గుపడకుండా రాసే కవిగా. వార్తల్లో ప్రేమకి చోటేదీ? పెళ్లి, విడాకులు, హత్య ఇవే కదా వార్తల దాకా వచ్చే ప్రేమలు. అలాంటివాణ్ణి వార్తల బల్ల ముందు కూర్చోబెట్టడంలోనే సగం హాస్యం ఉంది.

2007లో తాబెర్మన్ సోషల్ డెమొక్రాట్ల తరఫున ఎన్నికల్లో నిలబడి పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఇక్కడే నాకు లండన్ గుర్తొస్తుంది. బోరిస్ జాన్సన్ ఆ ఆటకి మొదటిసారి అతిథిగా వచ్చింది 1998లో, ఫిన్లండ్‌లో ఆట మొదలైన ఏడాదే. డేటన్ తానే పత్రికల్లో వార్తయిపోయి 2002లో ఉద్యోగం పోగొట్టుకున్నాక ఆ కుర్చీలో వారానికొకరు కూర్చోవడం మొదలైంది, కొన్నిసార్లు జాన్సన్ కూడా కూర్చున్నాడు. జుట్టు చెరుపుకుని, మాట తడబడుతూ, తనమీద తనే నవ్వుకుంటూ. 2001లో ఎంపీ, 2008లో లండన్ మేయర్, 2019లో ప్రధానమంత్రి. ఆ ఆటే ఆయన్ని తయారుచేసిందా అన్న వాదన ఇంగ్లండ్‌లో ఇంకా తెగలేదు. నా మటుకు నాకు, ఒక్క ఆట ఎవర్నీ ప్రధానిని చెయ్యలేదు. కానీ రానన్న హాటర్స్‌లీకి పందికొవ్వు డబ్బాతో జవాబు చెప్పగలిగిన ఆటకి, నవ్వుతూ వచ్చి కూర్చున్న జాన్సన్‌ని ఏం చెయ్యాలో తెలియలేదు. తన్ను తాను ముందే వెక్కిరించుకునేవాణ్ణి వెక్కిరించడమెలా? వ్యంగ్యానికి ఇది పాత జబ్బే.

తాబెర్మన్ దారి తిరగబడిన దారి. జాన్సన్ నవ్వుని మెట్టుగా వాడుకుని ఎక్కాడు. ఈయన నవ్వు పుట్టించే కుర్చీలోంచి వెళ్లి నవ్వులపాలయ్యే పని చేశాడు. సభలోకి వెళ్లిన ఏడాదే, జంటలు ఒకరితో ఒకరు గడపడానికి వారం రోజులు జీతంతో సెలవివ్వాలని ప్రతిపాదించాడు. ప్రేమసెలవు! విడాకులు పెరిగిపోతున్నాయి, ప్రేమకి తీరిక కావాలి అన్నది ఆయన వాదన. విదేశీ వార్తాసంస్థలు కూడా రాశాయి. అచ్చంగా 'ఊతిస్‌వుఓతో'లో ఖాళీ పూరించమని ఇవ్వదగ్గ శీర్షిక. ఆయన మాత్రం జోకు వెయ్యలేదు. ముప్పై ఏడేళ్లు కవితల్లో రాసిందే బిల్లు భాషలో రాసినట్టున్నాడు.

ఎంపీగా ఉండగానే, 2010 జులైలో, మెదడులో కణితితో తాబెర్మన్ చనిపోయాడు. అప్పటికి 62 ఏళ్లు. ఆట ఆగలేదు. ఆయన తర్వాత కెప్టెన్ కుర్చీలోకి స్టాన్ సానిలా, ప్రశ్నలడిగే కుర్చీలోకి బాబా లూబెక్ అనే జర్నలిస్టు వచ్చారు. తెర్వో కొనసాగాడు. 2018లో, ఇరవయ్యేళ్లకి, యూలె ఆపేసింది. లండన్‌లో హిస్లప్, మెర్టన్ ఇంకా అవే బల్లల వెనక కూర్చుంటున్నారు.

ఫిన్లండ్‌లో ప్రేమసెలవు మాత్రం ఇప్పటికీ రాలేదు.