పాత తుపాకి – పనివాని చేయి

పూర్వపు జమీందారీ గ్రామములలో కొన్ని లోగిళ్ళయందు నేటికిని అటకమీదనో, దేవునిగది మూలనో తాతలనాటి తుపాకి యొకటి కానవచ్చును. దసరా ఆయుధపూజనాడు దానికి కుంకుమబొట్టు పెట్టుదురు. తక్కిన దినములలో దానిని తలచువారుండరు. ఒకనాడు ఇంటి చిన్నవాడు దానిని దించి, త్రుప్పు చూచి నొచ్చుకొని, "దీనిని క్రొత్తదానివలె మెఱయించి యిమ్ము" అని పనివాని చేతికిచ్చును. ఆ మెఱుగుతోనే చరిత్ర మాసిపోవునని శ్రోతలకు మనవి చేయుచున్నాను.

తుపాకి యొక దస్తావేజు వంటిది. జామగీ తుపాకిలో నిప్పంటించిన త్రాడు రంజకమును తాకును. చెకుముకి తుపాకిలో రాయి ఉక్కును కొట్టి నిప్పురవ్వలు రాల్చును. 1807లో ఫోర్సిత్ అను స్కాట్లండు మతాచార్యుడు దెబ్బకు రగులు మందుతో పేల్చు విధానమునకు పేటెంటు పొందెను. దానినుండి టోపీ తుపాకి పుట్టినది. అప్పుడు అనేకులు తమ చెకుముకి తుపాకులను పారవేయక, రంజకపు పళ్ళెము తీయించి, రంధ్రములు పూడ్పించి, టోపీ తుపాకులుగా మార్పించుకొనిరి. ఆ పూడ్చిన రంధ్రములు లోపములు కావు. ఆ యింటివారు మారిన కాలముతో నడచిరనుటకు సాక్ష్యములు.

నిపుణుడు మొదట గరుకుకాగితము ముట్టడు. కడ్డీని గొట్టములోనికి దించి, లోతును వెలుపలి పొడవుతో సరిచూచును. లోతు తక్కువైనచో, తాతగారు కూరిన మందును గుండును ఇంకను లోపలనే యున్నవేమోయని శంకింపవలెను. తుపాకిమందు తడి సోకకున్నచో ఏండ్లు గడచినను రగులును.

పిమ్మట త్రుప్పు సంగతి. ఇనుమును తినివేయు ఎఱ్ఱని త్రుప్పును నూనెతో నానబెట్టి మెల్లగా తీయును. స్థిరపడిన గోధుమవన్నె పొరను కదలింపడు. ఇనుపపట్టీలను మెలివెట్టి అతికిన గొట్టములపై అలలవంటి రేఖలుండును. ఆకురాయి తగిలినచో ఆ వన్నె పోవును. పాత మరమేకులు చేతితో కోసినవి. ఒకటి మఱియొక రంధ్రమున ఇమడదు. కావున దేని చోటు దానికి గుర్తు వ్రాసి యుంచును. కుందాపై చెంప ఆనిన చోటి నునుపును చెఱుపడు. మార్చిన ముక్కనుకూడ యజమానికి తిరిగి యిచ్చును.

శాసనమును మఱువరాదు. 1878 ఆయుధశాసనముతో లైసెన్సు అవసరమైనది. 1959 శాసనము ప్రకారము తుపాకులు బాగుచేయు పనివానికిని లైసెన్సు ఉండవలెను. మరమ్మతు చేసినను పేలనేరని పురాతనాయుధమునకు మినహాయింపు కలదు. కాని తన తుపాకి యట్టిదేయని గృహస్థుడు స్వయముగా నిశ్చయించుకొనుట ప్రమాదము. ముందుగా అధికారుల నడుగవలెను.

కావున పనివానికి అప్పగించునప్పుడు "క్రొత్తది చేయుము" అనకుడు. "ఇక చెడకుండ చేయుము" అనుడు. మంచి పనివానికి ఆ మాట చాలును.